వరుస చివరి చెయ్యి

మొదట్లో స్టామెన్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: ప్లోవ్‌డివ్ ఊరి బజారులో ఒక చీజ్ కొట్టు, నలుగురూ నవ్వే పొట్ట, భార్య డెంకాకు సరిగ్గా సరిపోయే ఒక మూత్రపిండం.

ఆ పొట్ట ఉన్నంతకాలం ఈ మూత్రపిండం చెల్లని సరుకు.

"ఇరవై కిలోలు దించుకుని రండి," అంది డాక్టరమ్మ. "ఈ బరువుతో మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించను. మీకే ప్రమాదం."

"దించుతాను. దేనితో దించమంటారు? పరుగా, సైకిలా, ఈతా?"

"తిండి నేను చెప్పినట్టు తినండి. కసరత్తంటారా, మర్నాడు మళ్లీ వెళ్లాలనిపించేది ఏదైతే అదే మీకు మంచిది."

వ్యాపారికి ఆ జవాబు నచ్చలేదు. ఏ సరుకు మంచిదంటే, అమ్ముడుపోయేదే మంచిది అన్నట్టుంది.

పరుగెత్తాడు. మోకాళ్లు వాచాయి.

ఇంట్లో తొక్కే సైకిలు కొన్నాడు. కొన్నాళ్లకు దాని మీద డెంకా తువ్వాళ్లు ఆరేసింది.

కొండ మెట్లెక్కాడు. పైన చీజ్ కూరిన బనిత్సాలు వేడివేడిగా అమ్ముతున్నారు. దించిన బరువు అక్కడే ఎక్కించుకుని కిందికొచ్చాడు.

"బాగుందయ్యా," అంది డెంకా, డయాలిసిస్ నుంచి వచ్చి సోఫాలో వాలిపోతూ. "నువ్వు తగ్గేలోపు నేనే తగ్గి తగ్గి మాయమైపోయేలా ఉన్నాను."

నవ్వుతూనే అంది. స్టామెన్‌కు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం నది ఒడ్డు పార్కులో డోలు వినిపించింది. ఒళ్లు తగ్గాలనుకునేవాళ్లంతా చేతులు పట్టుకుని హోరో అనే వరుస నాట్యం ఆడుతున్నారు. పొడుగాటి వరుస. ముందెక్కడో ఆట నడిపించేవాళ్ల చేతిలో ఎర్ర రుమాలు ఊగుతుంటే వెనక అందరి కాళ్లూ దాన్ని బట్టి కదులుతున్నాయి. కొత్తవాళ్లు మధ్యలో దూరకూడదు. తోక దగ్గరే చెయ్యి కలపాలి.

స్టామెన్ కలిపాడు. అందరూ కుడికి పోతే తను ఎడమకు పోయాడు.

"ఎవరయ్యా అది, పీపా దొర్లించింది?" మధ్యలోంచి ఎవరో అరిచారు.

వరుసంతా నవ్వింది. అతను చెయ్యి విడిపించుకున్నాడు.

ముందు ఎర్ర రుమాలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఊగింది.

అంతలో సన్నటి ముసలావిడ ఒకామె వచ్చి అతని ఎడమ చెయ్యి పట్టుకుంది.

"పోకు నాయనా. నువ్వు పోతే చివర నేనొక్కదాన్నే మిగులుతా. నాకసలే అడుగులు రావు."

"మీకూ రావా పెద్దమ్మా?"

"చూస్తావుగా."

చూశాడు. నిజంగానే రావు. అతను తప్పిన చోటల్లా ఆవిడా తప్పేది. "నా మతి మండ! మళ్లీ చూపించు," అనేది. ఆవిడకు చూపించడం కోసం అతను నేర్చుకున్నాడు.

పేరు నెవేన. రోజూ అతను వచ్చి నిలబడ్డాకే వచ్చేది. అతని వెనకే నిలబడేది.

"పెద్దమ్మా, మీ కుడికాలికీ ఎడమకాలికీ మాటల్లేవా?"

"విడాకులైపోయాయిరా. నువ్వే రాజీ కుదర్చాలి."

ఆట జోరందుకుంటే ఆవిడ కబుర్లు మొదలుపెట్టేది.

"మేకపాల చీజ్‌కు అంత ధరేమిటి? చెప్పు."

అతను తేలిగ్గా చెప్పగలిగితే ఊరుకునేది. మధ్యలో మాట తెగితే, "అబ్బ, నాకు ఆయాసంరా! కాస్త చిన్నగా," అంటూ చెయ్యి వెనక్కి లాగేది. కబుర్లు మరీ సాఫీగా సాగితే మాత్రం, "ఏం, నిద్రపోతున్నావా? కాళ్లెత్తు!" అని గదమాయించేది.

ఈ ముసలావిడ తన ఆట చెడగొడుతోందని లోపల విసుక్కునేవాడు. అయినా మర్నాడు వెళ్లేవాడు. ఆ వరుసలో తనకంటే పనికిరాని మనిషి ఒకరున్నారు. ఆ తలపే గుండెకు హాయి.

ఒక వాన సాయంత్రం ఇంటికి పోతానన్నాడు.

"హోరోలో చెయ్యి కలిపాక ఆట అయ్యేదాకా వదలకూడదురా," అంది నెవేన. "ఇంతకీ ఎవరి కోసం తగ్గుతున్నావు?"

చెప్పాడు.

ఆవిడ అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆకులు రాలే వేళకు తూకం దిగింది.

"ఏం చేశారు?" అంది డాక్టరమ్మ.

"మర్నాడు మళ్లీ వెళ్లాలనిపించిందే చేశాను."

ఆపరేషన్ అయింది. చలికాలమంతా ఇద్దరూ ఇంట్లోనే కోలుకున్నారు. డెంకా మొహానికి రంగొచ్చింది, నోటికి పాత వెటకారం తిరిగొచ్చింది.

చెట్లు చిగురించగానే ఆమే కొట్టులోకెల్లా మంచి చీజ్ ఏరి పొట్లం కట్టింది.

"ఆ పెద్దమ్మకివ్వు. నా దండాలు చెప్పు. ఆట రాకపోతేనేం, నా మొగుణ్ని ఆపింది. మా ఇంటికి భోజనానికి రమ్మను."

పార్కులో వరుస చివర నెవేన లేదు. ఎర్ర రుమాలు పట్టుకుని ముందు నడిపిస్తున్న గెంచో ఆట ఆపి వచ్చాడు.

"పెద్దమ్మ ఏదీ?" అన్నాడు స్టామెన్.

"మంచు రోజుల్లో పోయింది. నిద్దట్లోనే."

స్టామెన్ పొట్లాన్ని గుండెకు ఆనించుకున్నాడు.

"అయ్యో. పాపం, అడుగులు రాకపోయినా ఒక్కరోజూ మానలేదు."

గెంచో అతని మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదని తేలాక మెల్లగా అన్నాడు.

"ఈ రుమాలు నాది కాదయ్యా, ఆవిడది. నువ్వొచ్చిన సాయంత్రం నా చేతిలో పెట్టింది. 'నువ్వు నడిపించు, అక్కడ చివర ఒకడు వెళ్లిపోతున్నాడు' అంది."

డోలు మళ్లీ మొదలైంది.

స్టామెన్ తన లెక్క మరోసారి చూసుకున్నాడు: డెంకా దక్కింది, పొట్ట పోయింది, తనకంటే ఆట రాని మనిషి ఒకరున్నారన్న ఆ ధైర్యాన్ని మాత్రం, అక్కడున్న అందరికీ అడుగులు నేర్పిన మనిషి తనకు ఊరికే ఇచ్చి వెళ్లింది.