తుప్పు డబ్బా

పాత ఇనుము కొనేవాడు తక్కెడలో పెట్టిన గేటు ఉత్తరాల డబ్బాను తమ్ముడు పరుగున వచ్చి లాక్కున్నాడు.

"ఇది అమ్మేది కాదు. నువ్వెళ్ళవయ్యా."

"అమ్మేదే!" అంది అక్క గుమ్మంలోంచి. "మొన్నటి వానకి అందులోని కాగితాలన్నీ ముద్దయ్యాయి. మూత ఊడింది, అడుగు జల్లెడలా ఉంది. కొత్తది తెచ్చుకుంటా."

"కొత్తదెందుకక్కా దండగ? నేను బాగుచేస్తాగా."

"నువ్వా?"

అక్క హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఆమె చెప్పుల చప్పుడు వింటే నిద్రపోతున్న రోగులు కూడా లేచి మందు మింగేవారట.

"బస్సుల షెడ్డు మూసేసిన దగ్గర్నుంచి సుత్తి ముట్టుకున్నావురా? ఆ పడక్కుర్చీకి అతుక్కుపోయావు" అంది.

తమ్ముడు బస్సులకు బాడీలు కట్టేవాడు. అక్క అన్నమాట నిజమే.

ఇనుము వాడు తక్కెడ సర్దుకుని వెళ్ళిపోయాక అక్క గొంతు తగ్గించింది. "మీ చిన్నక్కకి ఉత్తరం రాశాను. మీ బావ గోడౌన్లో కాపలా పనుందట. నిన్ను తీసుకెళ్ళమన్నా. ఫోన్లో చెబితే నవ్వి దాటేస్తుందని కాగితం మీద పెట్టా. సాయంత్రం పోస్టు చేసేస్తా."

తమ్ముడు డబ్బాను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. కాపలా! పొద్దస్తమానం చేతులు ముడుచుకుని గేటు దగ్గర కూర్చోవడం!

"డబ్బా చూశాక పోస్టు చెయ్యక్కా."

"తుప్పులో చూసేదేముంది?" అంటూ అక్క లోపలికి వెళ్ళిపోయింది.

తమ్ముడు పెరట్లో గోనెసంచి పరిచి కూర్చున్నాడు. ఎమరీ కాగితం నున్నగా అయ్యేదాకా తుప్పు గీకాడు. ఖాళీ నూనె డబ్బా కోసి అడుక్కి కొత్త రేకు వేశాడు. విరిగిన బీరువా తలుపు బందులు మూతకు సరిపోయాయి. సొట్టపడిన గిన్నె మూత పిడి ఊడదీసి దానికి బిగించాడు. సొట్టలు సరిచేయడానికి సుత్తి ఎత్తితే మొదటి దెబ్బ పక్కకి పోయింది. నాలుగు దెబ్బలు పడ్డాక, ఎక్కడ గట్టిగా కొట్టాలో ఎక్కడ తట్టి వదిలేయాలో చేతికే తెలిసిపోయింది. తనకు తెలియకుండానే ఈల వేస్తున్నాడు.

రంగు కొనే పని పడలేదు. పక్క వీధి పెయింటరు దగ్గర డబ్బాల అడుగున మిగిలిన ఎరుపూ, కాస్త తెలుపూ ఉంటే తెచ్చి టర్పెంటైను కలిపాడు. డబ్బాకంతా ఎరుపు పూశాడు. అది ఆరీ ఆరకముందే, బస్సుల నుదుట ఊళ్ళ పేర్లు రాసిన చేత్తో, ముందువైపు తెల్లగా 'ఉత్తరాలు' అని రాశాడు. ఇంటి నంబరు తర్వాత వేయొచ్చనుకున్నాడు.

అన్నానికి రమ్మని అక్క రెండుసార్లు కేకేసింది గానీ పెరట్లోకి తొంగి చూడలేదు. వచ్చినా ఇప్పుడే చూపించేవాడు కాదు. బాగా ఆరి నిగనిగలాడుతుంటే చూపించాలి.

తీరా చూస్తే పెరట్లోంచి ఎండ జారుకుంది. సందు చివర గోడమీద మాత్రం ఇంకా దండిగా ఉంది. డబ్బా తీసుకెళ్ళి అక్కడున్న మేకుకు తగిలించి, చేతుల రంగు కడుక్కోవడానికి ఇంటికొచ్చాడు.

స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి పొద్దుట్నుంచీ బల్లమీదున్న ఉత్తరం లేదు. అక్క గొడుగూ లేదు.

అంతే, అయిపోయింది. తమ్ముడు మెట్టుమీద కూలబడ్డాడు. కడిగినా వదలని ఎరుపు గోళ్ళలో మిగిలిపోయింది. దాన్నే చూసుకుంటూ ఉండిపోయాడు. పోస్టాఫీసు బజారు దాటాక ఎక్కడో ఉంది. అక్క తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది.

కానీ కాసేపటికే గేటు కిర్రుమంది.

"అప్పుడే వచ్చేశావేంటక్కా? పోస్టు చెయ్యలేదా?"

"చేశా. పోస్టాఫీసు దాకా పోవాల్సిన పనే లేకపోయింది." అక్క రుమాలుతో వేలు తుడుచుకుంటూ అంది. "మన సందు చివర కొత్తగా పోస్టు డబ్బా పెట్టారురా, ఇంకా రంగైనా ఆరలేదు! అందులో వేసొచ్చా. వెళ్ళి ఒకసారి చూసిరా, పనితనమంటే ఏంటో తెలుస్తుంది నీకు!"