అవతలి ఒడ్డుకి ఒక ఫోను

"ఎనిమిది గేట్లూ ఒకేసారి ఎత్తెయ్యండి. అవతలివాళ్లకి మాత్రం ఈ ముక్క చేరకూడదు!" కంట్రోల్ రూంలోకి వస్తూనే హుకుం జారీ చేశాడు చీఫ్ ఇంజనీరు.

షిఫ్టులో ఉన్న ఇంజనీరమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది. "సర్, దిగువన పది కిలోమీటర్లకే వాళ్ల రేవు. ఈ వేళప్పుడు బట్టలుతికేవాళ్లు, వలలేసేవాళ్లు, పశువులు..."

"నాకు తెలీదా? ఈ లోయ మాదంటే మాదని రెండు దేశాలూ మళ్లీ జుట్లు పట్టుకున్నాయి. సైరన్ మోగకూడదు, ఫోను ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. పైనుంచి ఆర్డరు."

కొండల్లో రెండు రోజులుగా ఒకటే వాన. రిజర్వాయరు అంచుదాకా వచ్చింది. గేట్లు ఎత్తకపోతే డ్యాంకే ముప్పు. ఎత్తితే రేవులో ఉన్నవాళ్ల గతేంటి?

ఆమె గేట్ల ఆపరేటరు వైపు తిరిగింది. ఆ డ్యాంకి మొదటి తట్ట కాంక్రీటు పోసిననాటి నుంచీ ఉన్న తలనెరిసిన మనిషి.

"బాబాయ్, మూడో గేటు మోటారు పొద్దున మొరాయించింది కదూ?"

బాబాయ్ క్షణంసేపు తెల్లమొహం వేశాడు. వెంటనే అందుకున్నాడు. "మొరాయించడమా తల్లీ? మొండికేసి కూర్చుంది. ముందు దాన్ని బుజ్జగించాలి."

"ఎంతసేపు?" చీఫ్ కళ్లెర్రజేశాడు.

"అరగంట సర్."

"ఇరవై నిమిషాలు. దాటితే నేనే మీట నొక్కుతా!" నీటిమట్టం చూసొస్తానంటూ విసవిసా డ్యాం మీదికి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే ఆమె ఫోను దగ్గరికి నడిచింది. ఉద్యోగం పోతే పోయింది, దేశద్రోహి అంటే? అయినా రిసీవరు ఎత్తింది.

"బాబాయ్, మీరు నన్ను చూళ్లేదు."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా, ఏం కనబడి చస్తేగా!" అంటూ బాబాయ్ ముక్కుమీది కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

అవతలి కంట్రోల్ రూం ఆపరేటరు పలికాడు. మొన్నటిదాకా రోజూ నీటిమట్టాలు చెప్పుకున్నారే గానీ, ఒకరి మొహం ఒకరు ఎరగరు.

"అన్నయ్యా, ఇరవై నిమిషాల్లో గేట్లన్నీ ఎత్తేస్తున్నాం. రేవు ఖాళీ చేయించండి. నేను చెప్పానని ఎక్కడా..."

"రేవులో మనుషులు కాదుగదా, మేకపిల్ల కూడా లేదు చెల్లెమ్మా. పొద్దున్నే ఖాళీ చేయించేశాం."

"మీకెలా తెలిసింది?"

అటునుంచి పకపకా నవ్వు వినిపించింది.

"మీ చీఫ్ గారు ఏడింటికే ఫోన్ చేశారు. మీరు వట్టి రూల్సు మనిషట, తెలిస్తే ఆయన మీద పైకి రాసిపారేస్తారట, మీ చెవిన మాత్రం వెయ్యొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు!"