ముందు వైపు కుచ్చిళ్ళు

ఆస్లౌగ్ కత్తెర మొన పెట్టి, నిన్నటిదాకా కుట్టిన పావడా పై పట్టీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా విప్పేసింది. ఆమె భర్త తార్యై పొయ్యి పక్కన కూర్చుని, గడ్డి ఊడ్చే దంతెకు కొత్త పళ్ళు చెక్కుతున్నాడు. చెక్కడం ఆపి చూశాడు.

"మ్యూజియానికి వెళ్ళి ఆ పాత బట్ట మళ్ళీ చూసొచ్చాను. ముందు వైపు కూడా కుచ్చిళ్ళే. అలాగే కుడతాను," అంది ఆమె.

అది వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సిగ్నె పెళ్ళిబట్ట. పెళ్ళి జూన్ చివర్లో. కొండమీద మంచు ఇంకా కరగలేదు.

ఊరి మ్యూజియంలో, అద్దాల పెట్టెలో, రెండు వందల ఏళ్ళనాటి పెళ్ళిపావడా ఒకటుంది. చంకల కిందనుంచి మొదలై, భుజాల మీది పట్టీలకు వేలాడుతుంది. దాన్ని చూసి ఆస్లౌగ్ తమ గొర్రెల ఉన్నే వడికింది, నేసింది, రంగు వేసింది. మూడు చలికాలాలు పట్టింది. పాత బట్ట ఎలా ఉండేదో కళ్ళు చెబుతాయి, ఎందుకలా ఉండేదో కుట్టిన చేతికే తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఇప్పుడు వాళ్ళుండే కొండలోయలో ఎవరూ ముందు వైపు కుచ్చిళ్ళు పెట్టుకోరు. ముందు సాపుగా వదిలి, వెనకే మడతలు పెడతారు. నడుము సన్నగా కనబడుతుంది. సిగ్నె అదే కావాలంది. తల్లి ఒప్పుకుంది, కుట్టింది కూడా. మొన్న ఆదివారం సిగ్నె పట్నం నుంచి కొలత చూసుకోవడానికి వచ్చి వెళ్ళాకే ఆమె మనసు మారింది.

ఆ ఆదివారం పావడా మీద తొడిగే రవికె ముందు కొక్కేలు కలవలేదు. పోయిన నెల సరిపోయిందే, ఎక్కడో బిగించేశావంది సిగ్నె. ఆస్లౌగ్ వాదించలేదు. ఎంత మేర చాలలేదో గుండుసూదులతో గుర్తు పెట్టుకుని, పొరపాటు తనదేనంది. తార్యై తలెత్తి చూశాడు. కొలతలో పొరపాటు పడ్డానని ఆమె అనగా అతను వినడం అదే మొదలు. భోజనంలో సిగ్నెకి ఇష్టమైన మీగడ జావ పెట్టారు. రెండు చెంచాలు తిని, వెన్న వాసన ఎక్కువైందని పక్కకు జరిపింది. తార్యై అక్క గ్యూరో నవ్వి, పెళ్ళికూతురు అప్పుడే కడుపు మాడ్చుకోవడం మొదలెట్టిందని ఆట పట్టించింది.

కుచ్చిళ్ళ సంగతి ఫోన్‌లో విని సిగ్నె అలిగింది. పీపాలా కనబడతానంది. అలా అయితే పట్నంలో తెల్ల గౌను అద్దెకు తెచ్చుకుంటానంది.

"తెచ్చుకో. ఇది మాత్రం ఇలాగే ఉంటుంది," అని ఆస్లౌగ్ ఫోన్ పెట్టేసింది.

తార్యైకి దిగులు పట్టుకుంది. మూడు చలికాలాల పని పెట్టెలో పడి ఉంటుందేమోనని ఒక పక్క, తల్లీకూతుళ్ళు మాట్లాడుకోకుండానే పెళ్ళి జరుగుతుందేమోనని ఒక పక్క. గ్యూరో కూడా వచ్చి తీర్పు చెప్పింది. ఎవరి బట్టలో ఏ కుట్టు తప్పో వెతుకుతుందని లోయలో ఆమెను బట్టల పోలీసు అంటారు.

"ముందు వైపు కుచ్చిళ్ళు మన లోయలో ఎవరికున్నాయే?"

"ఆ పెట్టెలో ఉన్నదానికి ఉన్నాయి వదినా. వెళ్ళి చూసిరా."

ఆస్లౌగ్ గుడ్డ తడిపి, కుచ్చిళ్ళను దారంతో గుచ్చి, రెండు చెక్కల మధ్య పెట్టింది. బరువుకి తార్యై ఏటి నుంచి రాళ్ళు మోసుకొచ్చాడు.

తర్వాతి ఆదివారం సిగ్నె ముఖం ముడుచుకునే వచ్చింది. పావడా తొడుక్కుంది. ఆస్లౌగ్ పావడాని బిగించే లోపలి తాడు వదులుగా ముడేసింది. సిగ్నె అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి చాలాసేపు చూసుకుంది. చేతులెత్తింది. గిర్రున తిరిగింది. కుచ్చిళ్ళు విచ్చుకుని, మళ్ళీ మెల్లగా మూసుకున్నాయి.

"ఊపిరాడుతోందమ్మా," అంది.

తండ్రిని లాగి వంటింట్లో నాలుగడుగులు నాట్యం చేయించింది. ఇదే కట్టుకుంటానంది. గ్యూరో అత్తను మాత్రం ఫోటోలు తియ్యనివ్వద్దంది. తల్లిని కావలించుకుని కారెక్కి వెళ్ళిపోయింది.

తార్యై కాఫీ పోసుకుని కూర్చున్నాడు. మనసు తేలికైంది.

"ఇంతకీ ఆ పాతకాలపు పిల్లకి ముందు వైపు అంత గుడ్డ ఎందుకు?" అని అడిగాడు.

"మొన్న అద్దాల పెట్టె తెరిపించి చూశాను. లోపలి తాడు మీద ముడులు పడ్డ గుర్తులున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కొక్కటీ ముందు దానికన్నా వదులు. కడుపుతోనే పెళ్ళిపీట ఎక్కింది ఆ పిల్ల."

తార్యై నవ్వాడు. "ఆ మాటేదో సిగ్నెకి ముందే చెప్పి ఉంటే నవ్వేసి ఒప్పుకునేదిగా. ఈ అలకలన్నీ ఎందుకు?"

"చెబితే ఊరుకుంటుందా? వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంటుంది."

"ఎవరి నెలలు?"

ఆస్లౌగ్ కుచ్చిళ్ళను ఒక్కొక్కటిగా సర్ది పావడా మడిచింది.

"దానికింకా తెలియదు."