గీతలు చెరిగిన షూ

తన మొగుడు ఏ వస్తువునూ ప్రశాంతంగా చావనివ్వడని సుబ్బరత్నమ్మ ఫిర్యాదు. గొడుగు ఊచ విరిగితే కట్టు కడతాడు. రేడియో గొంతు పోతే నెత్తిన రెండు దెబ్బలేసి మాట్లాడిస్తాడు. ఆ రోజు కూతురి పరుగు షూ వంతు వచ్చింది.

హేమ ఆ జతను గడప ముందున్న బండ మీద పెట్టింది. రెండూ తాగినవాళ్లలా బయటి పక్కకు ఒరిగాయి. మడమ దగ్గర ఒక అంచు అరిగిపోయిందనీ, అడుగున గీతలన్నీ చెరిగిపోయాయనీ, పొద్దున లేస్తే మోకాళ్ల కింద ఎముకలు లాగుతున్నాయనీ చెప్పింది. ఇలా ఒరిగితే ఇక మార్చాల్సిందేనని కాలేజీలో పీటీ సారు చెప్పాడట. కానిస్టేబుళ్ల ఎంపిక పరుగు నెల రోజుల్లో ఉంది. కొత్తవి ఇప్పుడే కొంటే కాలికి అలవాటవుతాయి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరిసారి.

ఓబులేసు ఒక షూ ఎత్తి, పైన దుమ్ము తుడిచి, ముచ్చటగా చూశాడు.

“పెండ్లికొడుకు మాదిరి ఉండాది. దీనికేం రోగం?”

“పైన కాదు నాయనా, అడుగు సూడు. జారుతాది.”

“గీతలుండేది తడికి పాపా. మన కంబదూరులో తడి యాడుండాది? తాగేదానికే నీళ్లు లేవు, జారేదానికి యాడ తెస్తావ్?”

సుబ్బరత్నమ్మకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకే ఇంకా కోపమొచ్చింది. ఆడపిల్ల కాలికి గొడుగులా కట్టు కట్టలేవని చెప్పి చూసింది. పంట ఇంటికి రానీ, అప్పుడు కొందామన్నాడు ఓబులేసు. పంట అంటే పూత మీద వాడిపోతున్న వేరుశనగ. ఒక్క వాన పడితే బతుకుతుంది, లేకపోతే పశువుల మేతకు కూడా పనికిరాదు.

చినుకు పడకుండానే పరుగు రోజు వచ్చింది. ముగ్గురూ తొలి బస్సులో అనంతపురం వెళ్లారు. మైదానం చేరేసరికి ఆకాశం నల్లబడింది. హేమ వరుసలో నిలబడగానే వాన దిగింది.

కంచె బయట ఉన్న తండ్రులందరూ రైతులే. పరుగు మొదలైనా ఒక్కరూ లోపలికి చూడలేదు. మొహాలు పైకెత్తి, నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఓబులేసు తలకు చుట్టిన తుండు విప్పి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతుల మీద పరిచి వానలో తడిపాడు. లోపలికి చూసింది సుబ్బరత్నమ్మ ఒక్కతే. మలుపు దాకా హేమ అందరికంటే ముందుంది. అక్కడ ఎడమ కాలు నూనె మీద వేసినట్టు పక్కకు పోయింది. లేచింది. మళ్లీ పడింది. వెనకవాళ్లంతా ఆమెను దాటుకుని వెళ్లిపోయారు.

ఆసుపత్రిలో చీలమండ విరిగిందన్నారు. కట్టు వేయించుకుని సాయంత్రం బస్సెక్కారు. హేమ ఏడవలేదు. మూసిన కిటికీకి తల ఆనించి కూర్చుంది.

“ఇప్పుడన్నా ఒప్పుకోయ్యా,” అంది సుబ్బరత్నమ్మ.

“ఏం ఒప్పుకోవల్ల? ఇది ఎట్లాంటి వానో తెల్దా నీకు? చేను బతికిపాయ. శెనక్కాయలు ఇంటికొస్తే పాపకు షూ ఒక లెక్కనా?”

ఓబులేసు దారి పొడుగునా వెనక సీటులోని తమ ఊరి రైతు చెన్నప్పతో కలుపు గురించీ, కూలీల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. కళ్యాణదుర్గం దాటేసరికి చీకటి పడి, బయట ఏమీ కనబడలేదు.

కంబదూరులో బస్సు ఆగింది. ఓబులేసు పంచె ఎగగట్టి, బురదలో తెగిపోకుండా చెప్పులు చేతపట్టుకుని ముందు దిగాడు. కూతురిని ఎత్తుకోవడానికి వెంటనే వెనక్కి తిరగాలి. తిరగలేదు. వంగి చేత్తో నేల తడిమాడు. రెండడుగులు పక్కకు వేసి అక్కడా తడిమాడు. కండక్టరు తొందరపెట్టాడు.

అప్పుడు మెట్టు దగ్గరికి వచ్చి హేమకు చేతులు చాచాడు.

“ఈడ చుక్క పడలేదు పాపా,” అన్నాడు. “తప్పు నాదే.”