సరిపోయే ర్యామ్

“లోపలికి రాను వదినా,” మాస్కు సర్దుకుంటూ మెట్ల కిందే ఆగాడు మహీధర్. “అన్నయ్య కంప్యూటర్ ఇప్పుడు ఎవరూ వాడట్లేదు కదా?”

కళాధర్ కోవిడ్‌తో పోయిన మూడు వారాల్లో ఆ గుమ్మం దాకా వచ్చిన మొదటి మనిషి అతనే.

“లేదు. ఎందుకు?” అంది మైథిలి.

“ఇద్దరం ఒకే రోజు ఒకే మోడల్ కొన్నాం. వేరే ర్యామ్ జత చేస్తే నాది ఆన్ అవట్లేదు. అన్నయ్యదైతే కరెక్టుగా సరిపోతుంది. ఈ నేస్ టౌన్‌లో లాక్‌డౌన్‌కి షాపులన్నీ మూసేశారు.”

“అంత అర్జెంటా?”

“ఊరికే హ్యాంగ్ అవుతోంది వదినా. ఆ రోజు క్రెమటోరియం నుంచి మీరు పంపిన లింకు కూడా మధ్యలోనే ఆగిపోయింది. అన్నయ్య చివరిచూపు దక్కలేదు.”

మహీధర్ ఇల్లు పక్క వీధే. అంత్యక్రియలకు పదిమందిని రానిస్తారని మైథిలి తనే ఫోన్ చేసి చెప్పింది. లింకులో చూస్తానన్నాడు. పది కుర్చీల్లో ఆమె, కూతురు మాత్రమే కూర్చున్నారు.

మైథిలి లోపలికెళ్లి, కంప్యూటర్ విప్పి, రెండు ర్యాములూ తెచ్చి మెట్టు మీద పెట్టింది. రెండడుగులు వెనక్కి జరిగింది.

“ఒక్కటి చాలు వదినా.”

“రెండూ తీసుకెళ్లు. ఈసారి ఎవరు పోయినా, ఆగకుండా చూడొచ్చు.”