ఈ ఫోన్ పోయింది

ఫోన్ మళ్లీ మోగింది. సైలెంట్‌లో పెట్టినా బస్సంతా వినిపించేలా మోగింది. భారతి గబగబా పక్కనున్న మీట నొక్కి, ఫోన్‌ను కొంగు కింద దాచుకుంది. ఆదోని దాటినప్పటి నుంచీ ఇదే వరస.

“ఎవురమ్మా అన్నిసార్లు చేస్తాండేది? ఎత్తి మాట్లాడొచ్చు కదా?” అంది పక్క సీటులోని హుసేనమ్మ.

“కాల్ కాదు పెద్దమ్మా.” భారతి వెనక్కి తిరిగి, బస్సు వెనకద్దంలోంచి రోడ్డు చూసింది.

వెనక సీటులో ఉన్న బసన్న ముందుకు వంగాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడతను, ఆదోనిలో నూలు కొనుక్కుని ఇంటికి పోతున్నాడు. కొంగు జారిన చోట తెర మీద వెలుగుతున్న అక్షరాలను పైకే చదివాడు.

“ఈ ఫోన్ పోయింది. దొరికినవారు దయచేసి ఈ నంబరుకు చెప్పండి.”

చుట్టుపక్కల వాళ్లు ఇటు తిరిగారు.

“ఎవురిదమ్మా ఆ ఫోను?” అన్నాడు బసన్న.

“నాదే అన్నా.”

“నీదైతే తెరువు, సూస్తాం.”

తెర పాస్‌వర్డ్ అడిగింది. భారతి ఏదో కొట్టింది. తప్పు అని చూపించింది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. స్విచాఫ్ చేయబోతే దానికీ పాస్‌వర్డే అడిగింది.

బసన్న నవ్వాడు. “ఇప్పటి ఫోన్లు దొంగలకు పనికిరావమ్మా. ఓనరు ఇంటికాడ కూసోనే తాళమేస్తాడు. యాడ పోతాందో మ్యాపులో సూస్తాడు. పోయినేడు సంతలో నా ఫోను పోతే ఇట్లనే దొరికింది.”

“యాడుందో కనపడతాదా? ఇప్పుడు గూడానా?” భారతి మళ్లీ వెనక రోడ్డు చూసింది.

“అడుగడుగూ.”

కండక్టర్ కాశప్ప వచ్చాడు. “ఆధార్ కార్డు సూపిస్తే ఆడోళ్లకు ఊరికే టికెట్టు కదా! ఈయమ్మ కార్డు లేదని దుడ్డిచ్చింది. అప్పుడే అనుకుంటి.”

బసన్న తన ఫోన్ తీసి తెర మీది నంబరు నొక్కాడు. భారతి లేచి అతని చెయ్యి పట్టుకుంది.

“వద్దన్నా! నీ కాళ్లకు మొక్కుతా, చెయ్యొద్దు.”

అప్పటికే అవతల ఎత్తారు. స్పీకర్‌లో మెత్తని మగగొంతు.

“ఆ ఫోను నాదేనన్నా. బండి మీద మీ యెనకనే వస్తాండా. ఎమ్మిగనూరు బస్టాండులో కలుస్తా. అంతవరకూ ఆమెను దిగనీయొద్దు.”

ఆ గొంతు వినగానే భారతి సీటులో కూలబడింది. హుసేనమ్మ ఆమె దగ్గరికి జరిగింది.

“ఏం తల్లీ, తీసినావా?” అని మెల్లగా అడిగింది.

భారతి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఆ వెంటనే తలూపింది.

“తీసినా పెద్దమ్మా. నేనే తీసినా. ఇదో, తీసుకోండి. నన్ను మాత్రం ఈడనే దించండి.”

“ఆయప్ప వచ్చేదాకా ఉండాల్సిందే,” అన్నాడు బసన్న.

“ఫోనిచ్చేసింది గదప్పా, ఇంగేం కావాల నీకు?” హుసేనమ్మ కసిరింది. “ఆడకూతుర్ని స్టేషనుకు పంపితే నీకేమొస్తాది?”

కాశప్ప విజిల్ వేశాడు. బస్సు పల్లెదారి చీలే ఒక క్రాసు దగ్గర ఆగింది. పత్తి తీయడానికి పోతున్న కూలీల ఆటో అక్కడ కనిపించింది. భారతి పరుగున పోయి ఆ ఆడవాళ్ల మధ్య ఇరుక్కుంది. ఆటో మట్టిరోడ్డు పట్టి, దుమ్ములో కలిసిపోయింది.

ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు ఆగేసరికి ఒక యువకుడు బండి దిగి రొప్పుతూ వచ్చాడు. బసన్న గర్వంగా ఫోన్ అందించబోయాడు.

“ఇదోప్పా, భద్రంగా ఉంది. ఆయమ్మ తప్పు ఒప్పుకునింది. పోనీలే పాపమని దారిలో దించేస్తిమి.”

అతను ఫోన్ అందుకోలేదు. బస్సెక్కి సీటు సీటూ వెతికాడు. కిందికి దూకి బసన్న చొక్కా పట్టుకున్నాడు.

“నా పెండ్లాం యాడ దిగింది?”