కార్డు మీద ఒక్క పేరు

"ఆవిడ రానక్కర్లేదు అన్నానా, లేదా?" గురునాథం నాలుగోసారి అన్నాడు.

"నాలుగుసార్లు అన్నారు గాని ఒక్కసారైనా కారణం చెప్పలేదు మావయ్యా," అంది కోడలు ఊర్మిళ, ఉప్మా గిన్నె బల్ల మీద పెడుతూ.

"కారణం ఏటుంది? సన్మానానికి పిలిచింది నన్ను."

"జోడీగా రమ్మన్నారు నాన్నా," అన్నాడు మురళీమోహన్ ఆఫీసు బూట్లు తొడుక్కుంటూ. "ప్రేమ్‌చంద్ అంకుల్ నాకూ ఫోన్ చేశారు. పదింటికి కార్డులు ప్రెస్సుకి వెళ్ళిపోతాయట. అమ్మ పేరు కూడా వేయిస్తానంటున్నారు. మీరేమో ఆయన ఫోన్ ఎత్తరు."

"నన్నొగ్గీండర్రా," వంటింట్లోంచి మహేశ్వరి గొంతు వినిపించింది. "అంతమందిలో నాకేటి పని?"

గురునాథం రైల్వేలో గార్డుగా రిటైరయ్యాక రోజూ తెలీబంధా చెరువు చుట్టూ నడవడం అలవాటు చేసుకున్నాడు. ప్రేమ్‌చంద్, అక్కడి మిగతా స్నేహితులు ఆయన్ను 'ప్రభాత్ శ్రవణ్' అనే వాట్సాప్ గ్రూపులో చేర్చారు. దేవుడి ముందు కూర్చున్నట్టు అనిపించే పాట పొద్దున్నే ఒకటి పంపాలి, దాని గురించి నాలుగు మాటలు రాయాలి. మొదట్లో వంతులుండేవి. గురునాథం వంతు వచ్చి వెళ్ళాక మిగతావాళ్ళు తమ వంతులు కూడా ఆయనకే వదిలేశారు. ఒకరోజు షెహనాయి, ఒకరోజు ఛత్తీస్‌గఢీ భజన, ఒకరోజు విజయనగరం వైపు తత్వం. ఏడాదిన్నరలో గ్రూపు మూడొందల మందికి పెరిగింది. పాటకన్నా ఆయన హిందీలో రాసే ఆ నాలుగు మాటల కోసమే ఎదురుచూసేవాళ్ళున్నారు. భర్త పోయిన సుభద్ర అనే ఆవిడ వాటిని నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకుంటోందట. ఆ గ్రూపువాళ్ళే ఈ ఆదివారం ఆయనకి సన్మానం చేస్తామంటున్నారు.

ఒక తత్వం గురించి ఆయన రాసింది ఊర్మిళకి నోటికి వచ్చు. 'ఈయన దేవుణ్ణి ఏమీ అడగడం లేదు. పక్కింటాయనతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. అడిగేది లేనప్పుడే గొంతు ఇంత నెమ్మదిగా ఉంటుంది.'

రోజూ వంటింటి గుమ్మానికి ఆనుకున్న కుర్చీలో కూర్చుని, ఒక్క వేలితో టైపు చేస్తాడాయన. అక్కడైతే కాఫీ త్వరగా అందుతుందని కాబోలు అనుకునేది ఊర్మిళ.

ఇలాంటి మాటలు రాసే మనిషి కట్టుకున్నదాని దగ్గర ఇంత మొరటుగా ఎలా ఉంటాడో ఆమెకు అర్థం కాదు. కిందటి నెల ప్రేమ్‌చంద్ ఇంటికి వచ్చి, "భాభీజీ, మీరు అదృష్టవంతులు. ఇంత సంగీతం ఇంట్లోనే!" అన్నాడు. గురునాథం నవ్వేసి, "ఆవిడకి పాటలేం తెలుసండీ, కుక్కరు కూతలు తప్ప!" అన్నాడు. టీ పళ్ళెం పట్టుకుని నిలబడిన మహేశ్వరి కూడా నవ్వింది. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. అజీర్తి అనుకున్నారందరూ.

"తాతా," అంది లహరి. తొమ్మిదేళ్ళ పిల్లకి సిగ్గు అన్న తెలుగు మాట తట్టలేదు. "నానమ్మ పక్కన కూర్చోవాలంటే నీకు శరమా?"

"లహరీ!" కసిరింది ఊర్మిళ.

గురునాథం చెంచా కింద పెట్టాడు. "అవునమ్మా," అన్నాడు. "శరమే."

మురళీమోహన్ ఒక కాలి బూటుతోనే లేచి నిలబడ్డాడు. "ముప్ఫయ్యేళ్ళు మీ డ్యూటీలకి క్యారేజీ కట్టించుకున్నప్పుడు రాలేదా శరం?"

"ఒరే, నోర్ముయ్!" మహేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తండ్రితో అలాగేనా మాటాడ్డం?" అని భర్త వైపు తిరిగింది. "మీరు ఎల్లి రండి. శాలువా గాని కప్పితే నాకు పట్రండి, చలికాలం పనికొస్తాది."

ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. గిన్నెలో ఉప్మా చల్లారిపోతోంది. ఇంతలో ఫోన్ మోగింది. ఈసారి ఎత్తాడు.

"హా, ప్రేమ్‌చంద్‌జీ. లేదు, రెండు పేర్లు వద్దు. ఒక్క పేరే వేయించండి. హా, పక్కా. తప్పు పడకుండా రాసి పంపిస్తాను."

ఊర్మిళ ప్లేట్లు చప్పుడయ్యేలా ఒకదాని మీద ఒకటి పేర్చింది. అత్తగారి వైపు చూడటానికి ఆమెకే సిగ్గేసింది. తనే ఈ గొడవ లేపకుండా ఉంటే, ఆవిడకి ఇలా ఎదురుగా నిలబడి వినే అవస్థ తప్పేది.

గురునాథం ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి, పంపించి, ఫోన్ కొడుకు ముందుకు జరిపాడు. "చదువు."

"శ్రీమతి మహేశ్వరి," అని చదివి ఆగాడు మురళీమోహన్. "ఇందులో అమ్మ పేరే ఉంది. మీ పేరేది?"

"ఉండదు. ఆదివారం స్టేజి మీద మీ అమ్మ కూర్చుంటుంది. నేను కింద, మీతో."

"వద్దండీ," మహేశ్వరి కంగారుగా రెండడుగులు ముందుకు వేసింది. "ఇప్పుడెందుకివన్నీ? మీ పరువు పోతాది."

"పోనీ. మైకు దగ్గర ఒక్క ముక్క చెప్పి దిగిపోతాను."

"ఏం చెబుతారు నాన్నా?"

గురునాథం నలుగురి వైపూ చూశాడు. గొంతు పెంచలేదు.

"ఆ పాటల్లో నేను ఏరింది ఒక్కటీ లేదు, ఆ మాటల్లో నాది ఒక్కటీ లేదు. అన్నీ వంటింట్లోంచి ఆవిడ చెప్పినవే."